ప్రయత్నించబడిన కల్వర్టు

మా ఊళ్లో ఎవరినైనా పెళ్లికి పిలిచి చూడండి. "తప్పకుండా వస్తాం" అన్నవాళ్లలో సగం మంది వస్తారు. "చూద్దాం" అన్నవాళ్లు సరిగ్గా భోజనాల వేళకి దిగుతారు. "రాలేం" అన్నవాళ్లు కూడా ఒక్కోసారి మనసు మార్చుకుని, పిల్లాజెల్లాతో సహా వచ్చేస్తారు. "ట్రై చేస్తాం" అన్నవాళ్లు మాత్రం ఛస్తే రారు. వంటలు ఒప్పుకునే వీరరాఘవులు ఎంతమందికి వండాలని అడుగుతూనే "ట్రైలు తీసేసి చెప్పండి" అంటాడు.

ఇది మా ఊరి మర్యాద. ముఖం మీద కాదని చెప్పడం మాకు చేతకాదు. చేబదులు అడిగినా, అల్లుడికి ఉద్యోగం వేయించమన్నా ఈ ఒక్క ఇంగ్లీషు మాటతో గౌరవంగా గడిచిపోతుంది. "సైకిల్ కొంటావా నాన్నా?" అని పిల్లాడు అడిగితే "ట్రై చేస్తాన్రా" అంటాడు తండ్రి. వాడు అక్కడే కూలబడి ఏడుపు లంకించుకుంటాడు. పసివాడికి కూడా తెలిసిన ఈ సంగతి తెలియనిదల్లా మా మునిసిపల్ కమిషనర్ హయగ్రీవరావుగారికే.

ఆయన రాజధానిలో ఏదో శిక్షణకు వెళ్లొచ్చారు. వెళ్లేటప్పుడు మామూలుగానే ఉన్నారు. వచ్చేటప్పుడు చొక్కాకి ఒక బిళ్ల తగిలించుకొచ్చారు. దాని మీద ఇంగ్లీషు అక్షరాల్లో "ట్రై" అని ఉంది. వచ్చిన మర్నాడే సిబ్బందినందరినీ కౌన్సిల్ హాల్లో కూర్చోబెట్టారు.

"ఫలితం మన చేతుల్లో లేదు. ప్రయత్నం మాత్రమే మన చేతుల్లో ఉంది. కావున ఇకమీదట పట్టణాల పనితీరును ఫలితాల ప్రాతిపదికన గాక ప్రయత్నాల ప్రాతిపదికన మదింపు చేయవలెనని పైస్థాయిలో నిర్ణయం గైకొనడమైనది" అన్నారు.

దాంతో మునిసిపాలిటీ కంప్యూటర్లో ఒక విప్లవం వచ్చింది. అంతవరకూ జనం ఇచ్చుకునే అర్జీలకు రెండే గతులు ఉండేవి. పరిష్కారమైతే పచ్చ రంగు, కాకపోతే ఎరుపు. మా ఊరి అర్జీలు తెరిచి చూస్తే ఎండుమిరప కళ్లం చూసినట్టుండేది. ఇప్పుడు మూడోది చేర్చారు: "ప్రయత్నించబడింది". దానికీ పచ్చ రంగే ఇచ్చారు. వారం తిరక్కుండా ఊరంతా పచ్చబడింది. రోడ్లు, కుళాయిలు, కుక్కలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఈ గొడవలోకి నేనెలా వచ్చానంటే, నేను జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్ని. ట్రై అనే క్రియకు నిర్వచనం రాయడానికి భాషా సలహాదారు కావాలని కమిషనర్ గారు కోరారు. మా ప్రిన్సిపాల్ నన్ను వదిలించుకునే అవకాశం కోసం ఎన్నాళ్లనుంచి కాచుకున్నాడో గాని, ఆ సాయంత్రమే రిలీవ్ చేశాడు. మునిసిపాలిటీలో నాకు బ్లీచింగ్ పౌడర్ బస్తాల గది ఇచ్చారు. తుమ్ముకుంటూ నిర్వచనం రాశాను: "ఒక పని జరగాలనే ఉద్దేశంతో మనస్ఫూర్తిగా చేసే చర్య".

కమిషనర్ గారు దాన్ని కౌన్సిల్ హాల్లో అందరి ముందూ చదివి, ఎర్ర సిరాతో "మనస్ఫూర్తిగా" కొట్టేశారు. "మనస్సు మన పరిధిలోకి రాదు. అది ఆరోగ్య శాఖ" అన్నారు.

అసిస్టెంట్ ఇంజనీరు పున్నారావు చెయ్యెత్తాడు. "సార్, ఒక సందేహం. ప్రయత్నం చేస్తుండగా పొరపాటున పని అయిపోతే?"

కమిషనర్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అటువంటి పరిస్థితి ఉత్పన్నమైనచో అది ప్రయత్నం పద్దు నుండి తొలగి, పని పద్దు కిందికి వస్తుంది. పనికి అంచనాలు కావాలి, టెండరు కావాలి, ఆడిట్ కావాలి. ప్రయత్నానికి ఫొటో చాలు" అన్నారు.

అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. ఆనాటి నుంచి మా మునిసిపాలిటీలో పొరపాటున కూడా ఏ పనీ జరగలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే సామ్రాజ్యమ్మ వచ్చింది. ఆమె నిమ్మకాయల యార్డులో కాయ ఏరే పని చేస్తుంది. పెద్దకాయ, చిన్నకాయ, మచ్చకాయ చూపుతోనే వేరు చేసే మనిషి. సోమవారం అర్జీలు తీసుకునే చోట కమిషనర్, పున్నారావు, భాషా సలహాదారుగా నేను వరసగా కూర్చున్నాం. ఆమె మమ్మల్ని కూడా కాయల్ని చూసినట్టే చూసింది.

"అయ్యా, మాది నిమ్మతోట సందు. సందు మొగదాల పెద్దకాలవ మీద కల్వర్టు ఉంది గదా, అది కాయల ట్రాక్టరెక్కి కూలిపోయింది. ఇప్పుడు ఒక తాటిమొద్దు వేసుకుని మనిషి ఎనకాల మనిషి దాటుతున్నాం. మొన్న పాలాయన జారిపడితే కాలిరిగింది. మా కోడలు నాగలతకి నెలలు నిండినయ్యి. బిడ్డ అడ్డం తిరిగింది, నొప్పులొస్తే ఒక్క చణం ఆగకుండా తీసుకురమ్మని డాక్టరమ్మ చెప్పింది. మంచం మీద మోసుకొద్దామన్నా మొద్దు మీద ఇద్దరు పట్టరు. నా కొడుకేమో లారీ మీద నాగపూర్ పోయాడు. ఆటో లోపలికొచ్చేటట్టు కల్వర్టేపించండయ్యా, మీకు దండం పెడతా."

కమిషనర్ గారు ఎంతో ఆర్ద్రంగా విన్నారు. "తప్పకుండా ట్రై చేస్తామమ్మా" అన్నారు.

సామ్రాజ్యమ్మ ముఖం పాలిపోయింది. "అయ్యా, అంత మాటనకండయ్యా" అంది.

కమిషనర్ గారికి అర్థం కాలేదు. ఆమె మెట్లు దిగేలోపే ఆమె ఫోన్ మోగింది. "మీ సమస్య విజయవంతంగా ప్రయత్నించబడింది" అని సందేశం. వెనక్కి వచ్చి, చదివిపెట్టమని నాకే చూపించింది. చదివాను. నాకు ఆ నిమిషాన అక్కడి నుంచి లేచిపోవాలనిపించింది, కాని సలహాదారుకి లేచే అధికారం లేదట.

చెప్పినట్టే ప్రయత్నం మొదలైంది. పున్నారావు మనుషులతో, తాపీతో, ఒక సిమెంటు బస్తాతో వెళ్లాడు. ఒకడు తాపీ పట్టుకుని కాలవ వైపు వంగాడు. ఇంకొకడు బస్తా భుజానికెత్తుకున్నాడు. ఫొటో తీశారు. బస్తా దించి, తాపీ తుడిచి, జీపెక్కి వచ్చేశారు. ఊళ్లో ఎక్కడ ప్రయత్నించినా ఆ బస్తానే. వానలకు తడిసి లోపల ఎప్పుడో గడ్డకట్టి బండరాయైపోయింది. అయినా దాన్ని మార్చలేదు. ఫొటోల్లో బాగా పడుతుందట.

ఇంజనీరింగ్ వాళ్లు ప్రయత్నించారని తెలిసి శానిటరీ వాళ్లు ఊరుకుంటారా? వాళ్లొచ్చి కాలవ ఒడ్డున ముగ్గు చల్లి ఫొటో దిగారు. పట్టణ ప్రణాళిక వాళ్లు టేపు పట్టి కొలిచారు. పార్కుల విభాగం వాళ్లకి కల్వర్టుతో ఏం సంబంధమో తోచక, ఒక క్రోటన్ మొక్క కుండీ తెచ్చిపెట్టి, దాంతోపాటు ఫొటో దిగి, కుండీ తీసుకుపోయారు. ప్రతిసారీ సామ్రాజ్యమ్మ ఫోన్ మోగేది. యార్డులో తోటి ఆడవాళ్లు "ఏంటక్కా, మళ్లీ ప్రయత్నించారా?" అని అడిగేవాళ్లు. ఆమె పళ్లు కొరుక్కుంటూ కాయలు ఏరేది.

ఈలోగా ఈ క్రియ ఆఫీసులో కూడా ముదిరింది. గుమాస్తాలు రాకపోకల్లోనూ ట్రై చెయ్యడం మొదలుపెట్టారు. ఇంటి నుంచి బయల్దేరి వీధి చివరిదాకా వచ్చి, ఒక ఫొటో తీసి పంపి, వెనక్కి వెళ్లి పడుకునేవారు. దాన్ని హాజరుకు ప్రయత్నం కింద పరిగణించాలని యూనియన్ వాదించింది. కమిషనర్ గారి ఛాతీ మీద బిళ్ల ఉండగా ఆయన కాదనలేకపోయారు.

తర్వాత జనం అందుకున్నారు. రైసుమిల్లు వెంకటప్పయ్యగారు ఇంటి పన్ను కట్టే కిటికీ దగ్గరికి డబ్బు సంచీతో వచ్చారు. సంచీ తెరిచి గుమాస్తాకి చూపించి, ఫొటో తీయించుకుని, సంచీ మూసి ఇంటికి పట్టుకుపోయారు. సాయంత్రం కమిషనర్ గారి ఫోన్‌కి ఆయన నుంచి సందేశం వచ్చింది: "మీ పన్ను విజయవంతంగా ప్రయత్నించబడింది". మర్నాడు కిటికీ దగ్గర సంచీలతో బారు తీరారు. ఒకళ్లిద్దరికి సంచీలు కూడా లేవు, వెంకటప్పయ్యగారిదే అరువు తెచ్చుకున్నారు.

కమిషనర్ గారు నన్ను పిలిపించి మండిపడ్డారు. "ప్రయత్నించు హక్కు కార్యాలయమునకు మాత్రమే కలదు, పౌరులకు లేదు అని వెంటనే నిర్వచనంలో చేర్చండి!"

"ఏ నిఘంటువులోనూ అలా లేదండి" అన్నాను.

"ప్రయత్నించండి" అన్నారు. నేను ప్రయత్నించాను. అంటే ఆ కాయితం ముట్టుకోలేదు.

నిమ్మతోట సందువాళ్లు చూసిచూసి విసిగిపోయారు. ఆ సందులోనే సుభానీ అనే తాపీ మేస్త్రి ఉన్నాడు. ఇంటికింతని వేసుకుని ఇనుము, కంకర, సిమెంటు తెచ్చారు. ఆదివారం పొద్దున్న సుభానీ సెంట్రింగ్ కొట్టాడు. సాయంత్రానికి కాలవ మీద స్లాబు పోశారు. "నీళ్లు కట్టి ఆరనిస్తే చాలు పిన్నీ, ఆటో ఏంది, లారీ అయినా పోతది" అన్నాడు. ఆ సాయంత్రం సామ్రాజ్యమ్మ చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నది.

సోమవారం పొద్దున్నే పున్నారావు పరుగుపరుగున కమిషనర్ గదిలోకి వచ్చాడు. "సార్, కొంప మునిగింది! నిమ్మతోట సందులో కల్వర్టు... కట్టేశారండి!"

"ఎవరు? మనవాళ్లా?" అన్నారు కమిషనర్, ముఖం తెల్లబోయి.

"మనవాళ్లు కాదు సార్. జనం!"

ఆయన ఎందుకంతగా అదిరిపడ్డారో అప్పుడు బయటపడింది. రాష్ట్రంలో అన్ని ఊళ్లకన్నా ఎక్కువసార్లు, ఎక్కువ విభాగాలచేత ప్రయత్నించబడిన సమస్యగా మా కల్వర్టు మొదటి స్థానంలో ఉంది. ఉత్తమ ప్రయత్న పట్టణం అనే పురస్కారం దాదాపు మా చేతిలోనే ఉంది. మూల్యాంకన అధికారిణి ఆ వారంలోనే వస్తున్నారు. కల్వర్టు ఉంటే పురస్కారం లేదు.

ఆ మధ్యాహ్నమే ఉత్తర్వు వెలువడింది. అందులో ఉన్నది ఉన్నట్టు చెబుతాను: "పౌరులు కొందరు సక్షమ అధికారి అనుమతి లేకుండా సదరు సమస్యను అనధికారికంగా పరిష్కరించి యున్నారు. సదరు అనధికార పరిష్కారమును తక్షణమే తొలగించవలసినదిగా ఆదేశించడమైనది."

"సార్, ఆ ఇంట్లో నెలలు నిండిన పిల్ల ఉంది" అన్నాను నేను.

"మాకు సానుభూతి ఉంది. దాని కోసమే గదా ఇన్ని ప్రయత్నాలు!" అన్నారాయన. నిజంగానే కళ్లు చెమర్చాయి. అది చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది. మంచివాడు కాకపోతే తిట్టుకోవడానికైనా వీలుగా ఉండేది.

సామ్రాజ్యమ్మ యార్డులో ఉండగా మనుషులొచ్చి పచ్చి స్లాబుని పలుగులతో పొడిచి కాలవలో పడేశారు. ఆమె పరిగెత్తుకొచ్చేసరికి ఇనప చువ్వలు మాత్రం నీళ్లలోంచి పొడుచుకుని ఉన్నాయి. కాలవ ఒడ్డున కూర్చుని చీర చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తాటిమొద్దు మళ్లీ అడ్డంగా వేశారు.

పురస్కార పరిశీలనకు కాలవకి ఇవతల, రోడ్డు మీద షామియానా వేశారు. కమిషనర్ గారికి శిలాఫలకం పెట్టాలనిపించింది. దాని మీద "ఈ కల్వర్టు నిర్మాణము కొరకు పురపాలక సంఘము శాయశక్తులా ప్రయత్నించినది" అని చెక్కించారు. కింద ప్రయత్నించిన అధికారులందరి పేర్లూ ఉండాలన్నారు. పేరు లేనివాడు అలిగాడు, చిన్నక్షరాల్లో ఉన్నవాడు ఇంకా అలిగాడు. అందరినీ సంతృప్తి పరిచేసరికి రాయి కోట గుమ్మం తలుపంత అయింది. అంత రాయి విరక్కుండా నిలవాలంటే మందంగా ఉండాలన్నాడు చెక్కేవాడు. క్రేన్‌తో తెచ్చి కాలవ ఒడ్డున నిలబెట్టి, వెనక నుంచి దుంగలు ఆన్చి, ముందు పట్టుతెర కట్టారు.

విశాలాక్షి మేడమ్ అనే ఆ అధికారిణి వచ్చారు. కమిషనర్ గారు ఉపన్యాసం మొదలుపెట్టారు. "ఈ తాటిమొద్దు మన సంకల్పానికి ప్రతీక" అనేసరికి సందులోంచి ఒక కేక వినిపించింది. నాగలతకి నొప్పులు మొదలయ్యాయి.

సామ్రాజ్యమ్మ అవతలి ఒడ్డుకి పరిగెత్తుకొచ్చింది. ఆటో ఒకటి షామియానా పక్కన ఆగి ఉంది, దాటే దారి లేదు. "అయ్యా! నా కోడలికి నొప్పులొస్తన్నయ్యి! ఎట్టాగైనా దాటించండయ్యా!" అని అరిచింది.

"అందరూ ట్రై చెయ్యండి!" అని కమిషనర్ గారు ఆజ్ఞాపించారు. సిబ్బంది మెరుపులా కదిలారు. పున్నారావు తాపీ పట్టుకుని వంగాడు. ఒకడు రాతిబస్తా భుజానికెత్తుకున్నాడు. శానిటరీ వాళ్లు ముగ్గు చల్లారు. క్రోటన్ కుండీ కూడా వచ్చింది. ఫొటోగ్రాఫర్ అటూ ఇటూ గెంతుతూ తీశాడు. ఇంత సమన్వయం ఏ పట్టణంలోనూ చూడలేదని మేడమ్ మెచ్చుకున్నారు.

సామ్రాజ్యమ్మ ఒక్క క్షణం వాళ్లందరినీ చూసింది. మచ్చకాయల గంపని చూసే చూపు అది. తర్వాత కళ్లు శిలాఫలకం మీదికి పోయాయి.

"సుభానీ! ఆ రాయి పొడుగు చాలుద్దంట్రా?"

మేస్త్రి కంటితోనే కొలిచాడు. "చాలుద్ది పిన్నీ. మొయ్యక్కర్లా. దుంగలు తీసి తాళ్లతో నిదానంగా ఎనక్కి పడుకోబెడితే సరిగ్గా కాలవ మీద పడుద్ది."

సందులోని మగవాళ్లంతా కదిలారు. కొందరు తాటిమొద్దు దాటి ఇవతలికొచ్చి, దాన్ని కాలవలోకి దొర్లించేసి, తాళ్లు పట్టారు. "ఇంకా ఆవిష్కరణ కాలేదు! ప్రోటోకాల్!" అని కమిషనర్ గారు అరుస్తున్నారు. నేను సలహాదారునన్న సంగతి మర్చిపోయి ఒక తాడు చివర పట్టుకున్నాను. అరచేతులు కమిలిపోయాయి. ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

రాయి పట్టుతెరతో సహా వాలి, కాలవ రెండు ఒడ్ల మీదా కుదురుకుంది. సుభానీ తెర లాగేశాడు. పేర్లన్నీ ఆకాశం వైపు చూస్తున్నాయి.

"పిన్నీ, పెద్దోళ్ల పేర్లు పైకున్నయ్యి. తిరగేసి బోర్లా వెయ్యమంటావా? బళ్లు తొక్కుతయ్యేమో."

"పైకే ఉండనియ్యి. చెక్కుడు ఉంటే టైరుకి పట్టుంటది" అంది సామ్రాజ్యమ్మ.

ఆటో కమిషనర్ గారి పేరు మీదుగా లోపలికి వెళ్లింది. నాగలతని ఎక్కించుకుని, పున్నారావు పేరు మీదుగా బయటికి వచ్చింది. ఎక్కడా జారలేదు. గంటలోపే ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు. ఆడపిల్ల. ఇంకొంచెం ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్లు కాదని డాక్టరమ్మ చెప్పిందట.

విశాలాక్షి మేడమ్ షామియానాలోనే నివేదిక రాశారు. "పరిశీలన సమయమున సమస్య పరిష్కారమై పోయినందున ఈ పట్టణము పోటీకి అనర్హము." పురస్కారం పక్క జిల్లాకి పోయింది. అక్కడ ఒక నీళ్ల ట్యాంకు చాలా ఏళ్లుగా ప్రయత్నించబడుతూ ఉందట.

పదిరోజులకి కమిషనర్ గారు నన్ను, పున్నారావుని వెంటబెట్టుకుని నిమ్మతోట సందుకి వెళ్లారు. రాయి ప్రభుత్వ ఆస్తి గనుక వెనక్కి తీసుకోవాలని పైనుంచి ఒత్తిడి వచ్చింది. సామ్రాజ్యమ్మ గుమ్మంలో మనవరాలిని ఒళ్లో వేసుకుని కూర్చుంది.

"అమ్మా, సదరు శిలాఫలకమును మీరు స్వచ్ఛందంగా అప్పగించవలసి ఉన్నది" అన్నారు కమిషనర్.

ఆమె తలెత్తి చూసింది. "ఇవ్వను" అంది.

కమిషనర్ గారు కాసేపు ఎదురుచూశారు. అంతటితో ఆగదని, ఇంకేదో మర్యాదైన మాట వస్తుందని అనుకున్నట్టున్నారు. ఆమె బిడ్డ నోటి దగ్గర ఈగని తోలుకుంటూ ఉంది. ఆయన జేబులోంచి ఫోన్ తీసి అర్జీల తెర తెరిచారు. పరిష్కరించబడింది, ప్రయత్నించబడింది, పెండింగ్. ఈ మూడింట్లో దేని కింద రాయాలో తోచక నా వైపు తిరిగారు.

"సలహాదారు గారూ, దీన్ని ఏమని రాయాలి?"

"ఇవ్వనంది గదండీ. అట్లాగే రాయండి" అన్నాను.

ఆయన వేలు తెర మీద అటూ ఇటూ తచ్చాడింది. ఆ మాట రాయడానికి ఎక్కడా చోటు లేదు.